మీ బ్యారెల్‌కు నప్పే పెలెట్: ఎంచుకోవడం, పరీక్షించడం, దాచుకోవడం

గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో పిల్లల్ని కొత్తగా చేర్పించిన తల్లిదండ్రులు నన్ను ఆపి అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ డబ్బా తీసుకోవాలె?" డబ్బా అంటే పెలెట్ల డబ్బా, ఎయిర్ గన్‌లో వేసే చిన్న సీసం గుండ్లు. కోచ్ ఒక పేరు చెప్తాడు, దుకాణంవాడు ఇంకోటి చెప్తాడు. పక్క లేన్ పిల్ల వాడే డబ్బా ఖరీదు వినగానే టెన్షన్ మొదలవుతుంది. నేను కోచ్‌ను కాను. బాలానగర్‌లో టూల్‌రూమ్ పని నాది. డైలు (అచ్చులు), ఫిక్చర్లు (వస్తువును కదలకుండా బిగించే పరికరాలు) చేసుకుంటూ, మైక్రోమీటర్ చేత్తో పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. ఎయిర్ పిస్టల్ నేను కాలుస్తాను, ఎయిర్ రైఫిల్ మా అమ్మాయి కాలుస్తుంది. కాబట్టి నేను చెప్పేదంతా కొలతల వైపు నుంచి ఉంటుంది. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ సంగతులు కోచ్‌నే అడగండి.

టెక్సాస్‌లో ఉండే మా బావమరిదికి .357 మాగ్నమ్ రివాల్వర్ ఉంది. తూటాలు ఇంట్లో తనే నింపుకుంటాడు. ఫోన్ చేశామంటే నెమ్మదిగా మండే తుపాకి మందు మేలా, త్వరగా మండేది మేలా అని అరగంట వదలడు. అక్కడ అది చట్టం ఒప్పుకునే హాబీ. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు చూసి నన్ను అడిగే కుర్రాళ్లకు ఈ మాటే చెప్పి పంపిస్తాను. అయితే మందు విషయంలో మా బావమరిది పడే తపనంతా ప్రతి షాటూ ఒకే వేగంతో వెళ్లాలని. మన మ్యాచ్ గన్‌లలో, అంటే పోటీ ఎయిర్ గన్‌లలో, ఆ పని రెగ్యులేటర్ చూసుకుంటుంది, ప్రతిసారీ ఒకే కొలత గాలి వదులుతుంది. మనం ఎంచుకోవడానికి మిగిలింది పెలెట్ ఒక్కటే. 4.5 మి.మీ. బోరుతో (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి 5 జౌళ్ల దగ్గర, రైఫిల్‌ది 8 జౌళ్ల దగ్గర ఉంటుంది.

ముందు ఆకారం సంగతి, ఇది త్వరగా తేలిపోతుంది. 10 మీటర్ల కాగితం టార్గెట్‌కు తల చదునుగా ఉండే వాడ్‌కట్టర్ తప్ప ఇంకేదీ వద్దు. అది కాగితాన్ని గుండ్రంగా, పంచ్‌తో కొట్టినట్టు కత్తిరిస్తుంది. గుండ్రటి తల పెలెట్, మొన పెలెట్ కాగితాన్ని చింపుతాయి. చిరిగిన అంచు గీతను తాకిందా లేదా అని స్కోరర్‌తో వాదించాల్సి వస్తుంది. పోటీ నిబంధనలు ఆకారం ఇదే ఉండాలని అనవు. సీసం లాంటి మెత్తటి పదార్థమై, 4.5 మి.మీ. మించకపోతే చాలు. కానీ మ్యాచ్‌లో వాడ్‌కట్టర్ కాకుండా వేరేది కాల్చేవాళ్లను నేను చూడలేదు.

తర్వాత బరువు. పిస్టల్ డబ్బా, రైఫిల్ డబ్బా వేర్వేరుగా ఎందుకు అమ్ముతారని చాలామంది అడుగుతారు. పిస్టల్ బ్యారెల్ పొట్టిది, గాలి తక్కువ, అందుకని తేలిక పెలెట్. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల ఆర్10 తీసుకుంటే పిస్టల్‌కు 0.45 గ్రాములు, రైఫిల్‌కు 0.53 గ్రాములు. హెచ్ అండ్ ఎన్ కంపెనీ 'ఫినాలే మ్యాచ్' రకంలో పిస్టల్‌ది 0.49 దగ్గర, రైఫిల్‌ది 0.53. పిస్టల్‌లో బరువైన పెలెట్ వేస్తే ఏమీ పేలిపోదు, కాకపోతే నెమ్మదిగా బయటికి వస్తుంది. అంటే ట్రిగ్గర్ నొక్కాక చెయ్యి కదలడానికి ఇంకాస్త సమయం దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి ఆ కాస్తలోనే కిందికి వంగుతుంది.

పిస్టల్‌కు, రైఫిల్‌కు ఒకే సలహా పనికిరాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 11.5 మి.మీ. పెలెట్ అంచు ఆ గీతను తాకినా పదే ఇస్తారు. పెలెట్ సగం వెడల్పు 2.25 మి.మీ. కనుక, దాని నడిమి బిందువు టార్గెట్ నడిమి నుంచి 8 మి.మీ. పక్కకు పోయినా పది మీ ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత ఒక్కో వలయానికీ 8 మి.మీ. చొప్పున చోటు ఉంది. క్వాలిఫికేషన్‌లో పిస్టల్‌కు పూర్ణ సంఖ్యలే లెక్క, దశాంశాలు ఫైనల్లోనే. ఇప్పుడు చెప్పండి, మామూలు ట్రైనింగ్ పెలెట్ ఖరీదైన దానికన్నా గ్రూప్‌ను, అంటే ఒకే గురి మీద కాల్చిన రంధ్రాలు పరుచుకున్న వెడల్పును, రెండు మిల్లీమీటర్లు పెద్దది చేసిందనుకుందాం. 600కు 540 కొట్టే పిల్లవాడికి అది ఎన్ని పాయింట్లు తింటుంది? ఒకటో రెండో, ఆ రోజు అదృష్టం బాగోకపోతే. వాడి మిగతా దాదాపు అరవై పాయింట్లు పోయింది చేతిలో, ట్రిగ్గర్‌లో.

రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఆ చుక్క మీదే. అక్కడ పెలెట్ నడిమి 2.5 మి.మీ. దాటితే తొమ్మిదిలోకి జారిపోతుంది. పైగా రైఫిల్‌లో మొదటి షాటు నుంచే దశాంశాల స్కోరు, 10.9 దాకా. లెక్క వేస్తే ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒక దశాంశం. 60 షాట్లలో ఒక్కో షాటుకు పావు మిల్లీమీటరు పోగొట్టుకుంటే మొత్తం ఆరు పాయింట్లు. రాష్ట్ర స్థాయి పోటీలో ఆరు పాయింట్లంటే ఎంతమంది మీకన్నా పైకి పోతారో ఆ తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే నా మాట సూటిగా ఇది: పిస్టల్ నేర్చుకునే మొదటి ఏడాది ట్రైనింగ్ పెలెట్ చాలు. ఆర్‌డబ్ల్యూఎస్ బేసిక్ కానీ, దాని తరగతిలో ఇంకోటి కానీ తీసుకోండి, మిగిలిన డబ్బులతో ఇంకో డబ్బా కొని ఎక్కువ కాల్చండి. రైఫిల్ పిల్లలకు మటుకు స్కోరు 600 దాటే సమయానికి మ్యాచ్ పెలెట్, అదీ పరీక్షించిన మ్యాచ్ పెలెట్ కావాలి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ ఎయిర్ పిస్టల్ రజతం గెలిచాక మా రేంజ్‌కు పిస్టల్ పిల్లలు బాగా వచ్చారు. వాళ్ల నాన్నలు మొదటి రోజే అన్నిటికన్నా ఖరీదైన డబ్బా పట్టుకొస్తారు. వద్దంటే నేనేదో పిసినారితనం నేర్పుతున్నానన్నట్టు చూస్తారు.

బరువు తేడాలు ఎంత ముఖ్యమో కూడా లెక్కతోనే తేలుతుంది. రైఫిల్ పెలెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో పోతే 10 మీటర్లలో దాదాపు 17 మి.మీ. కిందికి దిగుతుంది. సైట్లు దానికి సరిపెట్టే ఉంటాయి, కాబట్టి ఆ దిగడం సమస్య కాదు. వేగం ఒక శాతం తగ్గితే ఇంకో మూడో వంతు మిల్లీమీటరు దిగుతుంది. అంటే ఒక దశాంశం పైనే. గాలి అంతే ఉండి పెలెట్ రెండు శాతం బరువెక్కితే వేగం సుమారు ఒక శాతం పడిపోతుంది. 0.53 గ్రాముల పెలెట్‌కు రెండు శాతం అంటే గ్రాములో వందో వంతు. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న త్రాసులు చూపించే ఆఖరి అంకె సరిగ్గా అదే. అలాంటి త్రాసు మీద పెలెట్లు వేరు చేస్తూ ఆదివారం మధ్యాహ్నాలు పాడు చేసుకునేవాళ్లు నాకు తెలుసు. తేడా ఒక అంకె లోపలే ఉంటే త్రాసు దేన్ని పట్టుకుంటుంది? తూచాలనే ఉంటే బంగారం కొట్లో వాడే మిల్లీగ్రాము త్రాసు కావాలి. నన్నడిగితే, మంచి మ్యాచ్ డబ్బాను తూచడం దండగ. నాసిరకం డబ్బాను తూచడం ఇంకా దండగ, ఎందుకంటే అందులో బరువు కన్నా ఆకారమే ఎక్కువ తప్పు ఉంటుంది. పిస్టల్‌లో 150 మీటర్ల వేగానికి అదే ఒక శాతం తేడా అర మిల్లీమీటరు కూడా రాదు. 8 మి.మీ. వలయంలో అది లెక్కలోకే రాదు.

ఇక హెడ్ సైజ్. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉండే అంకె ఇదే. పెలెట్ నడుము సన్నగా ఉంటుంది, ముందు తల, వెనక స్కర్ట్. తల బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ గట్ల (మెలి తిరిగిన గట్లు) మీద ఆని పెలెట్‌ను నిటారుగా నడిపిస్తుంది. స్కర్ట్ గాలి ఒత్తిడికి విచ్చుకుని బోరును మూస్తుంది. తల చిన్నదైతే పెలెట్ లోపల వంకరగా కూర్చునే అవకాశం ఉంటుంది. పెద్దదైతే గట్టిగా ఒరుసుకుంటుంది, వేగం తగ్గుతుంది. మీ బ్యారెల్ ఏది కోరుకుంటుందో స్టెయర్ కానీ, మోరిని కానీ, వాల్తర్ కానీ గన్ కంపెనీ పేరు చూసి చెప్పలేం. ఒకే మోడల్ రెండు పిస్టళ్లు రెండు సైజులు కోరుకోవచ్చు. ఒక కంపెనీ 4.50 ఇంకో కంపెనీ 4.50 లాగే కూర్చుంటుందనీ లేదు. డబ్బా మీది అంకె నాకు పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే చెప్తుంది. నేను 4.50తో మొదలుపెట్టి ఒకటి కిందికి, ఒకటి పైకి చూస్తాను.

పరీక్ష ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అందరూ తొందరపడేది ఇక్కడే.

చేత్తో కాల్చి పెలెట్లు పోల్చకండి. ఎంత గొప్ప షూటర్ అయినా చేతి కదలిక పెలెట్ తేడాను మింగేస్తుంది. గన్‌ను బిగించాలి. నేను నా టూల్‌రూమ్‌లో ఇనప పట్టీతో ఒక ఫిక్చర్ చేసుకున్నాను. అడుగున మందపాటి ప్లేటు, పైన పిస్టల్ రిసీవర్‌ను (గన్ మధ్య భాగం) పట్టే దవడలు, దవడలకు లోపల తోలు ముక్కలు. బిగించేది రిసీవర్ దగ్గర మాత్రమే. బ్యారెల్‌ను, గాలి సిలిండర్‌ను ముట్టుకోకూడదు. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, దాన్ని వైస్‌లో పెట్టి బిగించాలని చూసేవాళ్ల దగ్గర నేను నిలబడను. ఫిక్చర్ లేకపోతే బల్ల మీద ఇసుక సంచులు వేసి, గన్‌ను వాటిమీద ఆనించి కాల్చండి. చేత్తో కాల్చినదానికన్నా ఎంతో నయం. కళ్లద్దాలు పెట్టుకోండి, టార్గెట్ వెనక పెలెట్లను ఆపే పెట్టె, అదే పెలెట్ ట్రాప్, సరిగ్గా ఉందో లేదో చూడండి. సీసం గట్టి ఇనుము మీద పడి వెనక్కి తుంపులుగా వస్తుంది.

సిలిండర్ గేజీ మధ్యలో ఉండగా మొదలుపెట్టండి, ఆకుపచ్చ గీత అంచుకు వచ్చేదాకా లాగకండి. కొత్త రకం డబ్బా తెరిచిన ప్రతిసారీ ముందు ఫెల్ట్ ప్లగ్‌తో (ఉన్ని బిళ్ల) బ్యారెల్ తుడిచి, ఆ రకంవే కొన్ని పెలెట్లు టార్గెట్ పక్కన కాల్చేయండి. పాత పెలెట్ వదిలిన సీసం పూత, నూనె పోయి, బ్యారెల్ కొత్తదానికి అలవాటు పడాలి. ఆ తర్వాత ఒక్కో కాగితం మీద పది షాట్లు. ఐదు షాట్ల గ్రూపులు మోసం చేస్తాయి. ఐదు షాట్లు ఒకే రంధ్రంలో పోయిన కాగితం జేబులో పెట్టుకుని అందరికీ చూపించే ఆయన ఒకడు మా దగ్గర ఉన్నాడు, మిగతా కాగితాలు మాత్రం ఆయన చూపించడు. ఒక్కో రకానికి కనీసం మూడు పది షాట్ల కాగితాలు ఉండాలి, మూడింటి సగటు చూడాలి. సైట్ ముట్టుకోవద్దు. గ్రూప్ టార్గెట్‌లో ఎక్కడ పడిందన్నది ఈ పరీక్షకు అక్కర్లేదు, ఎంత చిన్నదన్నదే కావాలి.

కొలత వెర్నియర్‌తో తీయండి. గ్రూప్‌లో బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, 4.5 తీసేయండి. కాగితంలో రంధ్రం నిజానికి పెలెట్ కన్నా కొంచెం చిన్నగా ఉంటుంది కానీ అన్నిటికీ ఒకే అంకె తీసేస్తున్నాం కనుక పోలికకు ఇబ్బంది లేదు. కాగితం వెనక అట్టముక్క ఒత్తిగా ఉండాలి, వదులుగా ఉంటే రంధ్రం చిరుగుతుంది. ప్రతి కాగితం మీదా డబ్బా పేరు, హెడ్ సైజ్, బ్యాచ్ నంబర్ అప్పటికప్పుడే రాయండి. సాయంత్రం రాద్దామనుకుంటే కాగితాలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

రెండు రకాల సగటుల మధ్య తేడా అర మిల్లీమీటరు లోపే ఉంటే, పిస్టల్‌కైతే చవకది తీసుకోండి. రైఫిల్‌కైతే ఇంకో రోజు ఆ రెండింటినే మళ్లీ కాల్చి చూడండి. మొదటి రోజు గెలిచింది రెండో రోజు ఓడిపోతే రెండూ సమానమే.

బ్యాచ్ నంబర్ గురించి నేను గట్టిగా పట్టుబడతాను. డైలో పని చేసినవాడిని కాబట్టి చెప్తున్నాను. పెలెట్ కూడా డైలోనే తయారవుతుంది, డై అరుగుతుంది, మారుస్తారు, మళ్లీ సరిచేస్తారు. అదే కంపెనీ, అదే పేరు, అదే హెడ్ సైజ్, కానీ వేరే బ్యాచ్ మీ బ్యారెల్‌లో వేరేగా ప్రవర్తించవచ్చు. మీరు పరీక్షించి ఒప్పుకున్నది ఆ బ్యాచ్‌నే. మ్యాచ్ పెలెట్లు మనకు ఎక్కువగా జర్మనీ నుంచో, చెక్ నుంచో, చైనా నుంచో రావాలి. దుకాణంలో ఈ నెల ఉన్న సరుకు వచ్చే నెల ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి నప్పిన బ్యాచ్ దొరికిందంటే సీజన్‌కు సరిపడా ఒకేసారి కొనేయండి. ఒక డబ్బాలో 500 ఉంటాయి. మ్యాచ్‌కు 60, సైట్ సరిచూసుకునే సైటింగ్ షాట్లు ఇంకో 20 అనుకుంటే డబ్బా ఆరు మ్యాచ్‌లకు వస్తుంది. ప్రాక్టీసుకు వేరేది వాడి, మంచి బ్యాచ్‌ను పోటీకి, పోటీ ముందు వారానికి దాచుకోవచ్చు. నలుగురు కలిసి ఒకే బ్యాచ్ తెప్పించుకుందామంటారు, మంచిదే, కానీ నలుగురి బ్యారెళ్లూ దానికి ఒప్పుకున్నాకే.

ఇంటి దగ్గర ప్రాక్టీసు కోసం బ్యారెల్ విరిచే స్ప్రింగ్ గన్ కొన్నవాళ్లకు ఒక్క మాట. అందులో వదులుగా కూర్చునే పెలెట్ అసలు వేయకండి. పిస్టన్‌కు ముందు గాలి మెత్త సరిగ్గా దొరకక అది గోడకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది, సీల్ పాడవుతుంది. పెలెట్ లేకుండా కాల్చడం ఇంకా చెడ్డది. ఇంటి డాబా మీద కాల్చేవాళ్లు పావురాలు, కోతుల జోలికి పోతే చట్టం ఉంది, పక్కింటివాళ్ల కిటికీలూ ఉన్నాయి. దీని గురించి ఇంతకన్నా రాయను.

దాచుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మంచి పెలెట్లు సగం పాడయ్యేది అక్కడే. సీసం చాలా మెత్తన. డబ్బా మూత కింద ఒక ఫోమ్ ముక్క ఉంటుంది, చాలామంది దాన్ని తీసి పారేస్తారు. అది పెలెట్లు ఒకదానికొకటి కొట్టుకోకుండా ఉండటానికి పెట్టింది. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా స్కూటీ డిక్కీలో ఆ ఫోమ్ లేకుండా డబ్బా తీసుకెళ్తే, మన రోడ్ల గుంతలకు స్కర్ట్‌లు సొట్టలు పడతాయి. డబ్బా ఖాళీ అవుతున్న కొద్దీ లోపల చోటు పెరుగుతుంది, అప్పుడు ఇంకో ఫోమ్ ముక్క కత్తిరించి పెట్టండి. ఒక్కో పెలెట్‌కు ఒక్కో గుంత ఉండే ట్రేలలో వచ్చేవి కూడా ఉన్నాయి, రైఫిల్ పోటీకి అవి మంచివి. వానాకాలంలో తేమకు సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. ఆ డబ్బాను పోటీకి తీసేయండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి పెడితే ఆ బెడద ఉండదు. బూట్ల పెట్టెల్లో వచ్చే పొట్లాలే చాలు. మే నెలలో కారులో పెలెట్లు వదిలేసినా పర్వాలేదు, గాలి సిలిండర్ వదిలేస్తేనే ప్రమాదం. ఆ సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, సాధారణంగా పదేళ్లు దాటితే వాడకూడదు, సెకండ్‌హ్యాండ్ గన్ కొనేటప్పుడు ముందు అదే చూడండి.

కాల్చేటప్పుడు పెలెట్లను గుప్పిట్లో పోసుకోకండి. చిన్న ట్రేలో కొన్ని పోసుకుని, ఒక్కోటి తీసి, స్కర్ట్ గుండ్రంగా ఉందో లేదో చూసి, బొటనవేలితో మెల్లగా లోపలికి తోయండి. కింద పడినది తీసి మళ్లీ వేయొద్దు, పోతే ఒక పెలెట్ పోయింది. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అప్పుడే చాయ్, ఉస్మానియా బిస్కెట్. ముఖ్యంగా పిల్లలు. సీసం ఒంట్లోకి పోయేది ఎక్కువగా వేళ్ల నుంచి నోట్లోకి. సీసం లేని టిన్ పెలెట్లు కూడా దొరుకుతాయి, కానీ తేలికగా, గట్టిగా ఉంటాయి, మ్యాచ్ బ్యారెల్‌లో వాటి గ్రూపులు నాకు నచ్చలేదు. ట్రాప్‌లో పోగైన సీసాన్ని చెత్తబుట్టలో వేయకుండా పాత సామాన్ల వాడికివ్వండి, బరువుకు డబ్బులు కూడా ఇస్తాడు.

పాత బ్యాచ్ చివరి డబ్బా మూడో వంతు మిగిలి ఉండగానే కొత్తది తెప్పించండి. అప్పుడే రెండూ ఒకే రోజు, ఒకే ఫిక్చర్ మీద పక్కపక్కన కాల్చి చూడగలరు. పాతదంతా అయిపోయాక కొత్తది తెరిస్తే, గ్రూప్ పెద్దదైనప్పుడు తప్పు పెలెట్‌దా, బ్యారెల్‌దా, రెగ్యులేటర్‌దా తెలుసుకునే దారి ఉండదు.